పసికందు నిద్రకు రక్ష

మాఘపూర్ణిమ నాటి పెద్ద తిరునాళ్ళకు పెనుగంచిప్రోలులో మునేరు ఒడ్డున నిలబడి చూస్తే, తిరుపతమ్మ తల్లి దర్శనానికి వచ్చే జనసందోహంలో పసిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులు ఎందరో కనబడతారు. పుట్టువెంట్రుకలు తీయించడానికి కొందరు, బిడ్డను తొలిసారిగా అమ్మవారికి చూపించడానికి కొందరు వస్తారు. బిడ్డ చల్లగా ఉండాలన్నదే అందరి మొక్కు. ఆ మొక్కుకు తోడుగా ఇంటివద్ద మనం నిర్వర్తించవలసిన విధి కొంత ఉంది. జగ్గయ్యపేట, నందిగామ పరిసర గ్రామాల భక్తులకు, ముఖ్యంగా పురిటింటి బాధ్యత వహించే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఆ విధిని గుర్తుచేయడమే ఈ వ్యాసోద్దేశం.

ఆకస్మిక శిశుమరణం అంటే ఏమిటి?

ఏ జబ్బూ లేని బిడ్డ పాలు త్రాగి పడుకొని, నిద్రలోనే ప్రాణం విడవడం కంటే ఘోరమైన దుఃఖం తల్లిదండ్రులకు మరొకటి ఉండదు. ఏడాదిలోపు శిశువు ఇలా మరణించినప్పుడు శవపరీక్ష చేసి, పడుకొన్న చోటును పరిశీలించి, ఆరోగ్యచరిత్రను విచారించిన తరువాత కూడా కారణం తేలకపోతే దానిని వైద్యులు ఆకస్మిక శిశుమరణం అంటారు. 'సిడ్స్' అన్నది దాని పొట్టిపేరు. 1969లో అమెరికాలోని సియాటిల్ నగరంలో జరిగిన వైద్యసదస్సులో దీనికి నిర్వచనం ఏర్పడింది. ఇట్టి మరణాలు రెండవ నెల నుండి నాలుగవ నెల వరకు అధికం. ఆరు నెలలు దాటిన తరువాత అరుదు.

శ్వాసను, మేల్కొనడాన్ని నియంత్రించే మెదడు భాగం కొందరు శిశువులలో పూర్తిగా పరిణతి చెంది ఉండదు. అట్టి శిశువు బోర్లా పడుకొన్నప్పుడు, ముఖానికి బట్ట అడ్డుపడినప్పుడు, లేదా ఒళ్ళు మితిమీరి వేడెక్కినప్పుడు, మేల్కొని తల త్రిప్పుకోవలసిన సమయంలో మేల్కొనలేదు. బిడ్డలోని ఆ లోపం పైకి కనబడదు. కనుక ప్రతి బిడ్డ విషయంలోనూ జాగ్రత్త వహించడమే మార్గం.

వెల్లకిల పడుకోబెట్టడమే మేలు

ఒకప్పుడు పాశ్చాత్యదేశాలలో వైద్యులే శిశువులను బోర్లా పడుకోబెట్టమని సలహా ఇచ్చేవారు. బోర్లా పడుకొనే శిశువులలోనే ఈ మరణాలు అధికమని పరిశోధనలలో తేలిన తరువాత, 1991లో ఇంగ్లండులోను, 1994లో అమెరికాలోను వెల్లకిల పడుకోబెట్టమని విస్తృత ప్రచారం జరిగింది. ఖరీదైన మందుగాని, యంత్రంగాని లేకుండానే కొన్ని సంవత్సరాలలో ఆ మరణాలు సగానికి సగం తగ్గాయి.

మనం గర్వించదగిన విషయం ఒకటుంది. ఇంగ్లండులో స్థిరపడిన దక్షిణాసియా సంతతి కుటుంబాలలో ఈ మరణాలు అక్కడివారికంటే తక్కువని ఆ కాలపు పరిశోధకులు గమనించారు. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టడం, తల్లి ఉన్న గదిలోనే ఉంచడం, తల్లులకు పొగత్రాగే అలవాటు లేకపోవడం ఇందుకు కారణాలు కావచ్చునని వారు భావించారు. అంటే మన పెద్దల ఆచారంలోనే రక్ష ఉన్నది. ఆ ఆచారంలో నిలుపుకోవలసినదేది, విడువవలసినదేది అన్నదే మన ముందున్న ప్రశ్న.

నిలుపుకోవలసినవి

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరవ నెలలో అన్నప్రాశన అన్న మన సంప్రదాయం నేటి వైద్యశాస్త్రానికి సమ్మతమే. అంతవరకు తల్లిపాలు తప్ప తేనె, చక్కెరనీళ్ళు, ఉగ్గు, చివరకు మంచినీళ్ళు కూడా అవసరం లేదు. మండువేసవిలోనూ తల్లిపాలలోని నీరే బిడ్డకు చాలు. తల్లిపాలు త్రాగే శిశువులలో ఆకస్మిక మరణాలు తక్కువ. రాత్రివేళ బిడ్డ తల్లికి చేయి చాచితే అందేంత దగ్గరలో, కాని వేరే పక్కపై పడుకోవాలి.

విడువవలసినవి

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టడం మన ఇండ్లలో వాడుక. ఏడాది నిండేవరకు ఏ దిండూ వద్దు. మెత్తని పరుపు, బరువైన దుప్పటి, ప్రక్కన బొమ్మలు కూడా తగవు. గట్టిగా, సమంగా ఉండే పక్కపై పలుచని బట్ట పరిస్తే చాలు. చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనుకొని ఊపిరి ఇరుకవుతుంది. లాలించి నిద్రపుచ్చిన వెంటనే చదునైన పక్కపైకి మార్చడం క్షేమం.

స్నానానంతరం సాంబ్రాణి పొగ వేయడం, బిడ్డ ఉన్న గదిలో బీడీ, చుట్ట కాల్చడం, కట్టెలపొయ్యి దగ్గర పడుకోబెట్టడం లేత ఊపిరితిత్తులకు హానికరం. మన మెట్టప్రాంతపు ఎండలలో బిడ్డకు బట్టల మీద బట్టలు చుట్టి, నిద్రలో తలకు టోపీ పెట్టడం ప్రమాదకరం. మెడ వెనుక చెమట పడితే బట్ట తగ్గించాలి.

వెల్లకిల పడుకొంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయని పెద్దలు భయపడతారు. వెల్లకిల ఉన్నప్పుడు ఊపిరిగొట్టం అన్ననాళానికి పైన ఉంటుంది. కక్కిన పాలు తిరిగి అన్ననాళంలోకే జారుతాయి. పాలు పట్టిన తరువాత భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేవరకు నిమిరి, అటుపిమ్మట పడుకోబెట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళెదుట కొంతసేపు బోర్లా ఆడించడం మాత్రం మంచిదే.

తొలి నెల గండం

మన దేశంలో నెలలోపు శిశువుల మరణాలకు ముఖ్యకారణాలు నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, అంటువ్యాధులు సోకడం. 2020 నాటి నమూనా నమోదు గణాంకాల ప్రకారం దేశంలో ప్రతి వేయి సజీవ జననాలకు 20 మంది శిశువులు నెల నిండకమునుపే కన్నుమూశారు. వీటిలో చాలావరకు సకాలంలో గుర్తిస్తే నివారింపదగినవే.

బిడ్డ పాలు త్రాగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు కాలినా లేక చల్లబడినా, రొమ్ము లోపలికి లాగుతూ నిమిషానికి అరవై లేక అంతకు మించి ఊపిరి తీసినా, అరచేతులు, అరికాళ్ళు పసుపుపచ్చగా మారినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా తాయెత్తు కట్టించి ఎదురుచూడరాదు. వెంటనే 108కి ఫోన్ చేసి జగ్గయ్యపేట లేదా నందిగామ ప్రభుత్వాసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. బొడ్డుకు బూడిదగాని, పసుపుగాని, నూనెగాని పూయరాదు.

గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు గ్రామస్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి శిశుమరణాలను గణనీయంగా తగ్గించి చూపారు. ఆ బాటలోనే 2011 నుండి ఆశా కార్యకర్తలు ఇంటికి వచ్చి నవజాత శిశువులను పరీక్షిస్తున్నారు. ఆసుపత్రిలో కాన్పు అయిన వారికి 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఈ సందర్శనలుంటాయి. పురుడు, మైల అంటూ ఆమెను గడప బయట నిలబెట్టవద్దు.

తిరునాళ్ళ రద్దీలోకి నెలల పసికందును తీసుకొనివచ్చే తొందర కూడా వద్దు. బిడ్డ కాస్త బలపడి, టీకాలు వేయించుకొన్న తరువాత వచ్చినా అమ్మవారి అనుగ్రహానికి లోటు రాదు.

కడుపుకోత మిగిలిన ఇంట

ఎన్ని జాగ్రత్తలు పాటించినా ఒక్కొక్క ఇంట ఈ విషాదం జరుగుతుంది. పసిబిడ్డకు శవపరీక్ష చేయించడం మన పల్లెలలో అరుదు. అందుచేత కారణం తేలదు, నింద మాత్రం మిగులుతుంది. పక్షిదోషమని, దిష్టి అని, చివరకు తల్లి ఏమరుపాటు అని నలుగురూ అంటారు. అప్పటికే పగిలిన గుండెకు ఆ మాటలు రెండవ మరణం. అట్టి ఇంటికి పరామర్శకు వెళ్ళినవారు కారణాలు వెదకరాదు. ఆ తల్లి ప్రక్కన కూర్చొని, ఆమె ఇంత అన్నం తినేటట్లు చూసి, "నీ తప్పేమీ లేదమ్మా" అన్న ఒక్కమాట చెప్పి రావాలి. ఆ మాట మొట్టమొదట అత్తగారి నోట వస్తే ఆమెకు కలిగే ధైర్యం ఇంతింత కాదు.