యంత్రప్రమాదాలు – నష్టపరిహార హక్కు

కోనసీమ అనగానే కొబ్బరితోటలు, కాలువలు, పచ్చని వరిచేలు స్ఫురిస్తాయి. ఆ తోటల నీడన తిరిగే యంత్రాలు అంతగా స్ఫురించవు. అంబాజీపేట కొబ్బరి వర్తకానికి పేరుపొందిన కేంద్రం. ఆ పరిసరాలలో కాయ ఒలిచిన పిదప మిగిలే డొక్కకు కూడా వెల ఉన్నది. ఆ డొక్కనుండి పీచు తీసే పని యంత్రానిది.

పీచు తీసే యంత్రంలో ఇనుప ముళ్ళు బిగించిన డ్రమ్ము అతివేగంగా తిరుగుతూ ఉంటుంది. శ్రామికుడు డొక్కలను చేతితో దానికి అందించాలి. పీచుకు చిక్కుపడే గుణం ఉన్నది. వేళ్ళకు చుట్టుకొన్న పీచును డ్రమ్ము లాగినప్పుడు దానితోపాటు చేయి కూడా లోనికి పోతుంది. బియ్యపు మిల్లులో బెల్టుకు చీరకొంగో తువ్వాలో చిక్కుకొన్నా ఇంతే. ఇట్టి ప్రమాదాలను కూలివాని అజాగ్రత్తగా తేల్చివేయడం పరిపాటి. తిరిగే భాగానికి గట్టి కవచం అమర్చి ఉంటే ఆ అజాగ్రత్త చేయిని తీసుకుపోయేది కాదు గదా! 1948 నాటి కర్మాగారాల చట్టం అట్టి కవచాన్ని తప్పనిసరి చేసింది. కాని విద్యుత్తుతో నడిచినా పదిమంది పనివారు లేని మిల్లు సాధారణంగా ఆ చట్టం దృష్టిలో కర్మాగారం కాదు. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకి వచ్చిన స్మృతి ఈ సంఖ్యను ఇరవైకి పెంచింది. చిన్నమిల్లుల పనివారికి ఇది మేలు చేసే మార్పని చెప్పలేము.

నష్టపరిహారం సంగతి వేరు. 1923లో వచ్చిన శ్రామికుల నష్టపరిహార చట్టం ఒక గొప్ప సూత్రాన్ని స్థాపించింది. పనిలో ఉండగా, పని కారణంగా గాయపడినవాడు యజమాని తప్పును నిరూపించనక్కరలేదు. మద్యం మత్తు, రక్షణ కవచాన్ని బుద్ధిపూర్వకంగా తొలగించడం వంటి కారణాలతో యజమాని బాధ్యత తప్పించుకొనవచ్చు. అయితే మరణం గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యం గాని సంభవిస్తే ఆ సాకులు కూడా చెల్లవు. నేడు ఈ సూత్రం సామాజిక భద్రతా స్మృతిలో కొనసాగుతున్నది. కార్మిక రాజ్య బీమా పరిధిలోనివారికి మాత్రం పరిహారం ఆ బీమా సంస్థనుండే లభిస్తుంది.

లెక్క ఎట్లా కడతారో చూద్దాం. నెలకు 12,000 రూపాయలు సంపాదించే ముప్పై ఏండ్ల శ్రామికుడు ఒక చేయి కోల్పోయినాడనుకొందాం. జీతంలో నూటికి 60 వంతులు, అనగా 7,200 రూపాయలు. ముప్పై ఏండ్ల వయస్సుకు నిర్ణయించిన గుణకం 207.98. హెచ్చవేస్తే 14,97,456 రూపాయలు. పట్టికలో చేతికి 60 శాతం నష్టం కనుక సుమారు 8,98,000 రూపాయలు రావాలి. బొటనవ్రేలు ఒక్కటే పోతే 30 శాతం, అనగా సుమారు 4,49,000 రూపాయలు.

ఇంత మొత్తం రావలసి ఉన్నదని గాయపడిన కుటుంబానికి తరచుగా తెలియదు. ఆస్పత్రి ఖర్చు భరించి, మరికొంత చేతిలో పెట్టి, పెద్దమనుషుల సమక్షంలో కాగితంపై వేలిముద్ర తీసుకొంటే వ్యవహారం ముగిసినట్లు భావిస్తారు. హక్కును వదులుకొన్నట్లు వ్రాయించుకొన్న కాగితం చెల్లదని 1923 నాటి చట్టమే స్పష్టంగా చెప్పింది. అయినా ఆ వేలిముద్రకు భయపడి కార్మికశాఖ అధికారి వద్దకు వెళ్ళనివారు ఉంటారు. హాజరుపట్టీలో పేరు లేకపోవడం మరొక చిక్కు. అందుకే ఆస్పత్రిలో చేరిన నాడే గాయం ఎక్కడ, ఏ యంత్రంవల్ల కలిగిందో వైద్యుని చీటీలో నమోదు చేయించుకొనడం అవసరం. శ్రామికులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 1987 నాటి చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

పట్టికలోని శాతమే తుదిమాట కాదు. పనిలో పడిపోయి ఎడమచేతిని మోచేతి పైవరకు కోల్పోయిన ఒక వడ్రంగి వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఒంటిచేతితో వడ్రంగం చేయడం సాధ్యం కాదు కనుక అతని నష్టం నూటికి నూరుపాళ్ళు అని 1975 డిసెంబరులో న్యాయస్థానం ఆమోదించింది. పరిహారం చెల్లించవలసిన బాధ్యత అధికారి తీర్పు వెలువడిన నాటినుండి కాదు, ప్రమాదం జరిగిన నాటినుండే మొదలవుతుందని కూడా ఆ తీర్పులో స్పష్టం చేసింది.