గింజయా, గదియా?

భౌతికశాస్త్రపు గంటలో ఎలక్ట్రాను ఒక కణము. మరుసటి గంటలో, జీవశాస్త్ర పాఠమున, ఉల్లిపొరలో కనబడునదియు కణమే. ఎలక్ట్రానునకు లోపలి భాగములున్నట్లు నేటివరకు తేలలేదు. ఉల్లిపొర కణములోనో, కేంద్రకము మొదలుగా ఒక సంసారమే కలదు. మాట ఒక్కటే యగుటచే విద్యార్థి రెంటిని ఒకే రీతిగా ఊహించినచో అది వాని దోషము కాదు.

కణము సంస్కృత పదము. గింజ, నూక, రవ్వ, బిందువు అని దాని అర్థములు. వైశేషిక దర్శనకర్తయైన కణాదుని పేరునకు 'గింజలు తినువాడు' అని అర్థము చెప్పుదురు.

ఆంగ్లమున 'సెల్' కథ వేరు. లాటినులో 'సెల్లా' అనగా చిన్న గది. 1665లో రాబర్టు హుక్ తన 'మైక్రోగ్రాఫియా' గ్రంథమున, సీసా బిరడాలు చేయు కార్కు బెరడును సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టును బోలిన గదులను వర్ణించి వానికి ఆ పేరు పెట్టెను. ఘనపుటంగుళమునకు అట్టివి నూట యిరువది కోట్లకు మించునని లెక్క వేసెను. అయితే అతడు చూచినది మృతకణముల గోడలను మాత్రమే. 1838లో ష్లైడెన్ వృక్షములకును, 1839లో ష్వాన్ జంతువులకును కణమే మూలమని చాటిరి. జంతుకణమునకు గోడ లేదు. పలుచని త్వచమే కలదు. అయినను గది పేరు నిలిచిపోయినది.

నెల్లూరు జిల్లా పడమటి సీమలో ఈ రెండు పోలికలకును నిదర్శనములు దొరకును. ఉదయగిరి పనివారు నర్ది, దేవదారి కొయ్యలతో చెంచాలు, గరిటెలు చెక్కుదురు. ఆ కొయ్యలో మిగిలినది చాలవరకు మృతకణముల గోడలే. హుక్ చూచిన గదులును అట్టివే. ఇక ఆత్మకూరు వైపు కళ్లములలోని వడ్లగింజ మన 'కణము'నకు మూలార్థము. కాని ఆ ఒక్క గింజలోనే లెక్కకు మించిన జీవకణములు కలవు!

హిందీ 'కోశిక', కన్నడ 'జీవకోశ' గది భావమును నిలుపుకొన్నవి. తమిళ 'ఉయిరణు' మనవలె సూక్ష్మతను చెప్పినది. గది యన్న శూన్యము తోచును. గింజ యన్న గట్టితనము తోచును. జీవపదార్థముతో నిండి, ఆహారము గ్రహించి, తాను రెండగుచుండు వస్తువును ఏ పేరును సంపూర్ణముగా చెప్పజాలదు.

స్థిరపడిన మాటను మార్చ నక్కరలేదు. జీవశాస్త్రమున 'జీవకణము' అని పూర్తిగా పలికి, నిర్వచనమునకు ముందు ఈ రెండు పేర్ల కథను ఐదు నిమిషములు చెప్పిన ఉపాధ్యాయుడు పిల్లలను కంఠస్థము చేయు శ్రమనుండి తప్పించినవాడగును.