ఇప్పుడు ఎక్కడున్నట్టు?

ఈస్టరు ముందురోజు మధ్యాహ్నానికే గుంటూరు జిల్లా పల్లెల్లో సమాధుల తోటకు కళ వస్తుంది. ఒకరు గడ్డి పీకుతుంటారు, ఒకరు సున్నం కలుపుతుంటారు, పిల్లలు బంతిపూల సంచులు మోసుకొస్తుంటారు. తెల్లవారుజామున చీకటుండగానే మళ్లీ అందరూ అక్కడే. ప్రతి దిబ్బ మీదా కొవ్వొత్తి, గాలికి ఆరిపోకుండా సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా అడ్డం.

అలాంటి ఒక వేకువన ఓ పెద్దావిడ చీర చెంగుతో భర్త సమాధి పలక తుడుస్తోంది. పైవరసలో ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఉంది. ఆ తర్వాతెప్పుడో కొడుకులు కింద ఇంకో వరస చెక్కించారు: ‘పరలోక మహిమలో ప్రవేశించిరి’. పక్కనే ఉన్న పాస్టరుగారిని ఆవిడ అడిగింది. “అయ్యగారూ, ఈయన నిద్రపోతున్నాడా, వెళ్లిపోయాడా? ఇప్పుడు ఎక్కడున్నట్టు?”

“రెండూ నిజమేనమ్మా” అన్నారాయన. ఆ జవాబు ఆవిడకు చాల్లేదు. నాకూ చాల్లేదు.

ఆ పలక మీది పేచీ దాదాపు రెండువేల ఏళ్లనాటిది. ప్రభువు రాకడ రేపో మాపో అనుకుంటూ ఎదురుచూసిన తొలి విశ్వాసుల్లో కొందరు ఈలోపే చనిపోయారు. వాళ్ల గతేమిటని థెస్సలొనీకలో మిగిలినవాళ్లు బెంగపెట్టుకున్నారు. నిద్రించినవారే ముందు లేస్తారని పౌలు క్రీ.శ. 50 ప్రాంతంలో వాళ్లకు ధైర్యం చెప్పాడు. మరి సిలువ మీద దొంగకు యేసు ఇచ్చిన మాటో? ‘నేడు నాతో పరదైసులో ఉంటావు’ అన్నాడు కదా! సెవెంత్ డే అడ్వెంటిస్టులు దీన్ని వేరుగా చదువుతారు. పాత గ్రీకు ప్రతుల్లో కామాలు లేవు కాబట్టి, ‘నేడు’ అన్నది మాట ఇచ్చిన రోజే తప్ప మాట నెరవేరే రోజు కాదంటారు. పునరుత్థానం దాకా చనిపోయినవారికి ఏ ఎరుకా ఉండదన్నది వాళ్ల బోధ. ఒక్క కామా మీద ఇంత ఆశ వేలాడుతోంది.

కేథలిక్కులు చావుకూ పరలోకానికీ మధ్యలో, ఆత్మలు శుద్ధి అయ్యే ఉత్తరించు స్థలం ఉందంటారు. నవంబరు 2న చనిపోయిన వారందరి కోసం పూజలు చేయిస్తారు. ఫ్రాన్సులోని క్లూనీ మఠానికి అధిపతి అయిన ఒడిలో అనే ఆయన సుమారు వెయ్యేళ్ల కిందట పెట్టిన ఆనవాయితీ అది. ఆ స్థలం నుంచి ఆత్మల్ని తప్పిస్తామంటూ పాపపరిహార పత్రాలు అమ్మడం మీదే 1517లో లూథర్ కలం పట్టాడు. ఆ లూథర్ పేరిట నడిచే సంఘానికి 1842లో గుంటూరులో పునాది వేసినవాడు హెయర్ దొర. భార్యది ఒక సంఘం, భర్తది ఒక సంఘం అయిన ఇళ్లలో చనిపోయినవారి కోసం ప్రార్థించాలా, బతికున్నవారి ఆదరణ కోసమేనా అన్న తగువు ఇప్పటికీ సంవత్సరీకం భోజనాల దగ్గర లేస్తుంది.

నన్నడిగితే అసలు చిక్కు ఇది కాదు. ప్రతి ఆదివారం నిలబడి ఒప్పజెప్పే విశ్వాస ప్రమాణంలో ఉన్నది ఆత్మ ఎగిరిపోవడం కాదు, శరీరం తిరిగి లేవడం. ప్రకటన గ్రంథం చివర్లోనూ మనుషులు పైకి పోరు, పట్టణమే కిందికి దిగివస్తుంది. ఇంగ్లండులో బిషప్పుగా పనిచేసిన ఎన్.టి. రైట్ దీని మీదే ఒక పుస్తకం రాశారు. మన భూస్థాపన ప్రసంగాల్లో మాత్రం బంగారు వీధులు వినిపించినంతగా ఈ మాట వినిపించదు. పాతబట్ట విడిచినట్టు ఆత్మ దేహాన్ని విడుస్తుందన్న మాట తరతరాలుగా విన్న చెవులు మనవి. ఒళ్లు మళ్లీ లేస్తుందంటే లోలోపల నమ్మబుద్ధి కాదు. పౌలు విత్తనం పోలిక తెచ్చింది ఇందుకే. చిన్న బిళ్లలాంటి మిరప గింజను చూసి ఎర్రగా విరగకాసిన చేనును ఎవరు ఊహించగలరు?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ప్రశ్న ఇంకో రూపంలో వస్తోంది: దహనం చేస్తే ఎలా లేస్తారు? కేథలిక్ సభ 1963లోనే దహనానికి ఒప్పుకుంది. బూడిదను చల్లొద్దని, ఇంట్లో పెట్టుకోవద్దని, పవిత్ర స్థలంలో భద్రపరచాలని 2016లో వాటికన్ మళ్లీ చెప్పింది. నిజానికి ఈ భయానికి జవాబు క్రీ.శ. 177లోనే దొరికింది. ఫ్రాన్సులోని లియోన్‌లో హతసాక్షుల శవాలను వాళ్లను చంపినవాళ్లే కాల్చి, ఇక లేవకుండా చేద్దామని బూడిదను రోన్ నదిలో కలిపేశారు. అయినా అక్కడి సంఘం ఆశ వదులుకోలేదు.

పెద్దావిడ అసలు ప్రశ్న ఆఖర్న బయటపడింది. “నలభైలోనే పోయాడీయన. నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఈ ముఖాన్ని గుర్తుపడతాడంటారా?”

పరలోకంలో పెళ్లిళ్లుండవని యేసు సద్దూకయ్యులకు చెప్పిన సంగతి అయ్యగారు ఎత్తలేదు. నేను మాత్రం ఉండబట్టలేక, అందరూ ముప్పై ఏళ్ల ప్రాయంలో లేస్తారని పదహారువందల ఏళ్ల కిందట అగస్టీను అనే పెద్దాయన అనుకున్నాడని చెప్పాను.

“ముప్పైలోనా?” ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. “అప్పుడు నాకు ఇంత లావు జడ ఉండేదయ్యా.” గాలి తిరిగింది. ఆవిడ వంగి సీసాను ఇటు పక్కకు జరిపింది.