బుడగల నాదం – నీటి లెక్క

చెంబుతో బిందెలోకి నీరు పోస్తున్నప్పుడు వినిపించే గలగల ధ్వని ప్రధానంగా నీటిది కాదు, అందులో చిక్కుకొన్న గాలి బుడగలది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో పనిచేసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు మార్సెల్ మిన్నార్ట్ 1933లో దీనికి గణితరూపమిచ్చాడు. బుడగలోని వాయువు స్ప్రింగు వలెను, చుట్టూ ఉన్న నీరు దానికి కట్టిన బరువు వలెను పనిచేస్తాయి. సముద్రమట్టం వద్ద ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం గల బుడగ సెకనుకు దాదాపు 3,260 సార్లు కంపిస్తుంది. వ్యాసార్ధం పదోవంతైతే పౌనఃపున్యం పదిరెట్లవుతుంది. కనుక 0.16 మిల్లీమీటర్ల కంటె చిన్న బుడగల నాదం 20,000 కంపనాలను దాటి మన చెవికి అందదు. వాటిని పలికించగలవి అతిధ్వనులే.

గొట్టానికి ఒక ప్రక్కనుండి వివిధ పౌనఃపున్యాల అతిధ్వనులను పంపి, రెండవ ప్రక్కన గ్రహిస్తారు. ఏ పౌనఃపున్యం వద్ద ధ్వని ఎక్కువగా క్షీణించిందో, ఆ పౌనఃపున్యంతో అనునాదం చెందే పరిమాణపు బుడగలు అక్కడ ఉన్నాయన్నమాట. క్షీణత ఎంతో తెలిస్తే వాటి సంఖ్యను అంచనా కట్టవచ్చు. అయితే పెద్ద బుడగలు కూడ ధ్వనిని చెదరగొట్టి భ్రమ కలిగిస్తాయి. అందుచేత ఒకేసారి రెండు పౌనఃపున్యాలను పంపి, అనునాదం చెందిన బుడగ మాత్రమే బలంగా పుట్టించే మిశ్రమ ధ్వనిని వెదకే పద్ధతి కూడ ఉన్నది.

సౌదీ అరేబియాలోని హాయిల్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ వాయుపీడనం తక్కువ కాబట్టి అదే మిల్లీమీటరు బుడగ దాదాపు 3,070 కంపనాలతోనే మ్రోగుతుంది. పంపు గొట్టంలో పీడనం నాలుగు రెట్లయితే ఆ సంఖ్య రెట్టింపవుతుంది. పీడనం తెలియనిదే బుడగ కొలత తెలియదు.

ఈ కొలతతో ఏమి పని? హాయిల్ ప్రాంతపు పొలాలకు ఆధారం సాక్ ఇసుకరాతి పొరలోని నీరు. వేల ఏండ్లనాటి ఆ నీరు తోడినంత వేగంగా తిరిగి నిండదు. భూగర్భజలాలు తరిగిపోతున్నందున దేశీయ గోధుమ సేకరణను క్రమంగా నిలిపివేయాలని సౌదీ ప్రభుత్వం 2008లో నిర్ణయించింది. లోతునుండి పైకి వచ్చే నీటిపై ఒత్తిడి తగ్గితే, సోడా సీసా మూత తీసినట్లు, కరిగిన వాయువులు బుడగలుగా వెలువడవచ్చు. ప్రవాహవేగాన్నిబట్టి లెక్కకట్టే మీటరు వాటిని కూడ నీరుగానే జమకడుతుంది. పైగా నూటికి ఒక వంతు వాయువు కలిస్తే చాలు, నీటిలో సెకనుకు 1,480 మీటర్లుండే ధ్వనివేగం, పెద్ద తరంగాలకు, 120 మీటర్లకు పడిపోతుంది. అప్పుడు అతిధ్వని మీటరు కూడ తడబడుతుంది.

తరిగే నిధిని తప్పుగా లెక్కించడం కంటె నష్టం లేదు. బోరుబావులపై బ్రతికే తెలుగు రైతుకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.