ఇల్లు నడిపిన పియానో

సికింద్రాబాద్‌లో పియానో నేర్పే నన్ను పిల్లల తల్లిదండ్రులు తరచూ అడుగుతారు: “దీంతో బతుకుతెరువు ఉంటుందా, టీచర్ గారూ?” అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు నాకు పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ గుర్తొస్తుంది.

1819లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పియానోలు అమ్మేవాడు, పాఠాలు చెప్పేవాడు. కూతుర్ని విద్వాంసురాలిని చేసి తీరాలని ఎంత పట్టుబట్టాడంటే, ఆ పిల్ల డైరీ కూడా మొదట్లో ఆమె పేరుతో ఆయనే రాసేవాడు. పదహారేళ్లకే తాను కూర్చిన కన్చెర్టోను ఆ ఊరి గెవాంట్‌హౌస్ హాలులో, స్వరకర్త మెండెల్సన్ నిర్వహణలో వాయించింది. ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందు నడిచే రచనను కన్చెర్టో అంటారు. క్లారా కన్చెర్టోలో రెండో భాగం రాగానే ఆర్కెస్ట్రా దాదాపు ఊరుకుంటుంది. పియానో కాసేపు ఒంటరిగా సాగాక ఒకే ఒక్క చెల్లో వచ్చి జత కడుతుంది. ఆ వయసులో అంత ధైర్యం ఎక్కడిదా అని విన్నప్పుడల్లా అనుకుంటాను.

తండ్రి దగ్గరే నేర్చుకున్న స్వరకర్త రాబర్ట్ షూమన్‌ను ఇష్టపడింది. తండ్రి ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి గెలిచి, 1840లో పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ఎనిమిది మంది పిల్లలు. అప్పటికే యూరప్‌లో పేరున్న క్లారాకు సొంత ఇంట్లోనే సాధన కరువైంది. భర్త స్వరరచన చేస్తుంటే పక్కగదిలో పియానో మోగకూడదు మరి! వాయించేవాళ్లకు సాధన పోవడమంటే ఏమిటో వాయించేవాళ్లకే తెలుస్తుంది.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. ప్రాణం దక్కింది కానీ బాన్ దగ్గర మానసిక చికిత్సాలయంలో చేర్చాల్సి వచ్చింది. అప్పుడు క్లారా గర్భిణి. జూన్‌లో ఆఖరి బిడ్డ పుట్టాడు, అక్టోబరుకల్లా ఆమె మళ్లీ కచేరీల దారి పట్టింది. 1856లో రాబర్ట్ పోయాక జర్మనీ ఊళ్లు, వియన్నా, లండన్ తిరుగుతూ దశాబ్దాల పాటు వాయించింది. ఆమె దాచుకున్న కచేరీ పత్రాలే పదమూడు వందలు దాటాయి. పిల్లల తిండీ చదువూ అన్నీ ఆ కచేరీల మీదే నడిచాయి.

అయితే ఆమె స్వరరచన అక్కడితో దాదాపు ఆగిపోయింది. దుఃఖం వల్ల ఆగిందంటారు. ఆడవాళ్లు స్వరరచనకు పూనుకోకూడదేమోనన్న శంక ఇరవయ్యేళ్లప్పుడు ఆమె డైరీలోనే కనిపిస్తుంది. అవీ కారణాలే కావచ్చు. కానీ అసలు కారణం తీరిక లేకపోవడమే అని నా నమ్మకం. రైళ్లలో తిరుగుతూ, రేపటి కచేరీకి చేతులు సిద్ధం చేసుకుంటూ కొత్త సంగీతం రాయడం ఎవరి తరం?

1878లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోఖ్ సంగీత కళాశాలలో చేరి, 1892 దాకా నేర్పింది. పాఠం ఇంట్లోనే. ఆమె దగ్గరికి వచ్చేలోపు చాలామందిని కూతురు మారీ తయారుచేసేది. క్లారా పద్ధతిలో మెట్లను పైనుంచి కొట్టకూడదు. వేళ్లు మెట్లకు ఆనించే ఉంచి, చపాతీ పిండి అదిమినట్టు అదమాలి. అప్పుడు నాదం గట్టిగా ఉన్నా కరుకుగా ఉండదు. గ్రేడ్ పరీక్షల హడావిడిలో ఉన్న మా పిల్లలకు వేగం కంటే ముందు నేను ఇదే చెబుతాను.

క్లారా 1896లో కన్నుమూసింది. ఆమె వాయించిన రికార్డు మనకు లేదు. శిష్యురాళ్లవి ఉన్నాయి. ఫ్యానీ డేవీస్ 1928లో రాబర్ట్ షూమన్ కన్చెర్టోను రికార్డు చేసింది. అడెలీనా డి లారా 1950లలో కూడా వాయించింది. పాత రికార్డుల గరగర వెనక ఆ అదుము స్పష్టంగా వినిపిస్తుంది. వాటి తరవాత క్లారా 1846లో పియానో, వయొలిన్, చెల్లోలకు కూర్చిన జి మైనర్ ట్రియో వినండి. అది రాసేనాటికి ఆమె ఇంట్లో చంటిపిల్లలున్నారు.