ప్రతి తాడుకూ ఒక పేరు

తెరచాప ఓడను నడిపించే తాళ్ళు, కప్పీలు, కొయ్యల ఏర్పాటంతటినీ కలిపి ఇంగ్లీషులో రిగ్గింగ్ అంటారు. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో భద్రపరచిన హెచ్.ఎం.ఎస్. విక్టరీ 1765లో జలప్రవేశం చేసిన యుద్ధనౌక. దాని తెరచాపలు 37. వాటికీ, స్తంభాలకూ వాడిన తాళ్ళన్నీ కలిపితే సుమారు 42 కిలోమీటర్ల పొడవు. అలాంటి ఓడలో ప్రతి తాడుకూ ఒక పేరు, దాన్ని కట్టడానికి ఒక చోటు ఉండేవి. అర్ధరాత్రి తుపానులో కేక వినబడగానే నావికుడు చీకట్లో తడుముకుంటూ సరిగ్గా ఆ తాడునే పట్టుకోవాలి. ఒకదానికి బదులు మరొకటి వదిలేస్తే తెరచాప చినగవచ్చు, కొయ్యమీద ఉన్నవాడి ప్రాణమే పోవచ్చు. అందుకే ఓడెక్కిన కుర్రాడు ముందుగా నేర్చుకోవలసింది తాళ్ళ పేర్లే.

ఈ తాళ్ళు రెండు రకాలు. స్తంభాలను కదలకుండా బిగించి ఉంచేవి కొన్ని, తెరచాపలను లాగడానికి వాడేవి కొన్ని. మొదటి రకానికి తారు పూసేవారు కనుక అవి నల్లగా ఉండేవి. వీటిలో స్తంభాన్ని ముందుకూ వెనక్కూ పట్టి ఉంచేది స్టే, పక్కలకు పట్టి ఉంచేది ష్రౌడ్. పాత ఇంగ్లీషులో ష్రౌడ్ అంటే బట్ట. తాళ్ళు బిగించని స్తంభం ఆనాటివారి కంటికి బట్టలు లేనట్టే కనబడిందన్నమాట. ష్రౌడ్లకు అడ్డంగా కట్టిన సన్నతాళ్ళే నావికులు పైకెక్కే నిచ్చెన మెట్లు.

ష్రౌడ్ కింది కొసన ఒక చిన్న వస్తువు ఉంటుంది. అరచేతిలో పట్టేదో, అంతకంటె పెద్దదో, గుండ్రటి గట్టి చెక్కబిళ్ళ. దానికి మూడు రంధ్రాలు. ఇలాంటి బిళ్ళలు రెంటిని ఒకదాని కింద ఒకటి పెట్టి, రంధ్రాల గుండా సన్నతాడు అటూ ఇటూ దూర్చి లాగితే ష్రౌడ్ బిగుసుకుంటుంది. తాడు తీసేసి చూస్తే రెండు కళ్ళు, ఒక నోరు ఉన్న పుర్రెలా ఉంటుంది. దాని పేరు డెడ్ఐ. మొదట్లో దాన్ని చచ్చినవాడి కన్ను అనేవారు.

రెండో రకం తాళ్ళలో హాల్యార్డ్ తెరచాపను పైకెత్తుతుంది. లాగడమనే అర్థమున్న పాత మాట నుంచి పుట్టిన హేలియర్ దీని అసలు పేరు. తెరచాప వేలాడే అడ్డకొయ్యను యార్డ్ అంటారు. ఆ మాట నావికుల నోట్లో నానుతూ ఉండడంతో హేలియర్ చివర కూడా యార్డ్ వచ్చి చేరింది. షీట్ అనే మాట విన్నవారు తెరచాప అనుకుంటారు, కానీ అది తాడు. పాత ఇంగ్లీషులో తెరచాప కింది మూలను షేయాటా అనేవారు. ఆ మూలకు కట్టే తాడుకు ఆ మూల పేరే వచ్చింది. షీట్ బిగిస్తే చాప గాలిని పట్టుకుంటుంది, వదిలితే రెపరెపలాడుతుంది. ఓడ వేగమంతా ఈ తాడు పట్టుమీదే ఆధారపడి ఉంటుంది.

పేర్లన్నీ ఇంగ్లీషు గడ్డమీద పుట్టినవి కావు. తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే బూమ్ డచ్చి మాట. ఆ భాషలో దానికి చెట్టు అని అర్థం. త్రికోణాకారపు లాటీన్ చాప పేరు ఫ్రెంచివారిది. లాటిన్ చాప అన్నదే దాని అర్థం. అన్నిటికంటె తమాషా అయినది మిజెన్ స్తంభం. దాని మూలం ఇటాలియన్ మెజానా, అంటే మధ్యది. అదే మాట ఇంగ్లీషు ఓడలో వెనక స్తంభానికి, ఫ్రెంచి ఓడలో ముందు స్తంభానికి పేరయింది.

ఈ పదజాలాన్ని పద్ధతిగా వివరించినవాడు స్కాట్లండుకు చెందిన నావికుడు, కవి విలియం ఫాల్కనర్. అతని నౌకానిఘంటువు 1769లో వెలువడింది. అదే ఏడాది అతను ఇండియాకు బయలుదేరిన అరోరా ఓడ కేప్‌టౌన్ దాటాక జాడ లేకుండా పోయింది. 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి ఏడాది మచిలీపట్నం కోటను పట్టుకున్న కల్నల్ ఫోర్డ్ కూడా ఆ ఓడలోనే ఉన్నాడు.

హిందూ మహాసముద్రంలో తిరిగిన ఓడల్లో మరో పదజాలం నడిచింది. లష్కర్లనే ఆసియా నావికులు హిందుస్తానీ, పోర్చుగీసు, అరబ్బీ, పారశీక మాటలు కలిపి ఒక ఓడభాషను తయారుచేసుకున్నారు. ముందు తెరచాపను తిర్కట్ అనీ, పై తెరచాపను గావీ అనీ అనేవారు. రెండూ పోర్చుగీసు నుంచి వచ్చినవే. థామస్ రోబక్ ఈ మాటలను సేకరించి 1811లో కలకత్తాలో నిఘంటువుగా అచ్చువేశాడు. నావికుల మాటలను నిఘంటువుకెక్కదగినవిగా భావించడమే ఆ కాలానికి గొప్ప సంగతి.

తెలుగు తీరానికీ ఈ రాకపోకల్లో వాటా ఉంది. లంగరు పారశీకం, చుక్కాని అరబ్బీ. పారశీకంలో నాయకుణ్ణి సర్‌హంగ్ అంటారు. అదే సరంగు అయింది. లష్కర్లలో సరంగు కింద పనిచేసేవాడు తండేలు. శ్రీకాకుళం మత్స్యకారులు పడవ నాయకుణ్ణి నేటికీ తండేలనే అంటారు. గోదావరిలో లాంచీ నడిపేవారు నేటికీ సరంగులే.