శ్రీవారూ, డిన్నరుకి ఆ నిక్కరుతోనేనా?

'ఈ రాత్రి భోజనం: క్యాజువల్' - విహారనౌక ఎక్కినవాళ్ళకి గదికొచ్చే కార్యక్రమాల కాగితం మీదో, ఇప్పుడైతే ఫోనులోనో ఇలా ఒక్క ముక్క కనిపిస్తుంది. ఆ ముక్కని మన మగవాళ్ళు చదువుకునే తీరే వేరు. 'ఏదైనా ఫర్వాలేదన్నమాట' అని వెంటనే అర్థం చేసేసుకుంటారు. పొద్దున్నుంచీ ఈతకొలను దగ్గర తిరిగిన నిక్కరు, దాని మీద ఎవరో ఎప్పుడో ఊరికే ఇచ్చిన టీషర్టు, కాళ్ళకి హవాయి చెప్పులు. 'పద పద, ఆకలేస్తోంది' అంటూ తలుపు దగ్గర నిలబడి తొందర! ఈలోగా ఇల్లాలు అగ్గిపెట్టెంత బాత్‌రూములో గోడకి మోచేతులు తగులుతుంటే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఉంటుంది.

మనకీ ఓడ డిన్నర్లకీ ఏమిటి సంబంధం అంటారేమో. ఇప్పుడు బాగానే ఉంది. అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలకి నయాగరా, వైట్‌హౌసు, పిట్స్‌బర్గు వెంకటేశ్వరస్వామి అయ్యాక నాలుగో మొక్కు క్రూయిజే. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళకి గాల్వెస్టన్ రేవు కారులో గంట ప్రయాణం. ఫ్లోరిడా వెళ్తే మయామి రేవు. ఎండాకాలమైతే సియాటిల్ నుంచి అలాస్కా. అంత దూరమెందుకు, మన విశాఖ రేవు నుంచి కూడా 2022 జూన్‌లో కార్డేలియా వాళ్ళ 'ఎంప్రెస్' ఓడ విహారయాత్రకి బయల్దేరింది. కాబట్టి ఇవాళ కాకపోతే రేపు, ఈ 'క్యాజువల్' గొడవ మనింటి అలమారు దాకా రాకపోదు.

అసలు సంగతి బట్టలది కాదు, బల్లది. ఓడలో రాత్రి భోజనానికి ముఖ్యంగా రెండు దారులుంటాయి. ఒకటి పై అంతస్తులో బఫే. పళ్ళెం పట్టుకుని మనమే వరసలో నడవాలి, మనమే వడ్డించుకోవాలి, ఖాళీ బల్ల మనమే వెతుక్కోవాలి. అక్కడ దుస్తుల పట్టింపు చాలా తక్కువ. తడి బట్టలతో, వట్టి కాళ్ళతో రాకపోతే చాలు. రెండోది కింద అంతస్తుల్లో ఉండే పెద్ద భోజనశాల, మెయిన్ డైనింగ్ రూమ్. దీనికి వేరే డబ్బు కట్టక్కర్లేదు, టిక్కెట్టులోనే ఉంటుంది. చాలామంది మనవాళ్ళకి ఈ సంగతి తెలియదు. ఆ హంగు చూసి 'బిల్లెంతవుతుందో' అని గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు.

అక్కడ మనం కూర్చుంటాం. కుర్చీ లాగి కూర్చోబెడతారు. ఏమేం ఉన్నాయో రాసిన కార్డు చేతికిస్తారు. ముందు సూపో సలాడో, తర్వాత అసలు భోజనం, ఆపైన తీపి. ఒకటి నచ్చకపోతే ఇంకోటి అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. శాకాహారులమని ముందు రోజే చెప్పి ఉంచితే పప్పూ, కూరా, అన్నం, రోటీ చేసిపెట్టే ఓడలు చాలా ఉన్నాయి. వడ్డించేవాళ్ళలో మన దేశం కుర్రాళ్ళు కూడా కనిపిస్తుంటారు. రోజూ ఒకే వేళకి, ఒకే బల్ల దగ్గర కూర్చునే పద్ధతి ఎంచుకుంటే మూడో రోజుకల్లా ఆ అబ్బాయికి మనం కారం ఎంత తింటామో తెలిసిపోతుంది.

ముప్పయ్యేళ్ళు, నలభయ్యేళ్ళు ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర్న గిన్నె అడుగు గీరుకుని తిన్న ఆడమనిషికి ఆ బల్ల ఏమిటో నేను చెప్పాలా? ఏడు రాత్రులు వరసగా ఎవరో అడిగి అడిగి వడ్డిస్తారు. 'ఇంకొంచెం వెయ్యమంటారా' అన్నమాట తను అనడం కాక, తను వినడం. పెళ్ళిళ్ళలో తప్ప మనకి దక్కని వైభోగం అది. పెళ్ళిళ్ళలోనూ బఫేలొచ్చాక అదీ పోయింది.

మాకు తెలిసిన పెద్దావిడ ఒకరు కూతురూ అల్లుడూ తీసుకెళ్తే అలాంటి ప్రయాణం చేసొచ్చారు. 'భోజనాలెలా ఉన్నాయి పిన్నిగారూ' అని అడిగాను. 'ఏముందమ్మా, పళ్ళెం పట్టుకుని లైన్లో నిలబడ్డమే. కింద హాల్లో చక్కగా వడ్డిస్తారట. అమ్మాయీ వాళ్ళూ రోజూ అక్కడే తిన్నారు. మీ బాబాయిగారు ప్యాంటు వేసుకోనన్నారు. రిటైరయ్యి ఆరేళ్ళయింది, మళ్ళీ ఆఫీసు వేషమా అన్నారు' అన్నారావిడ. మరి మీరైనా అమ్మాయితో వెళ్ళి ఉండాల్సింది కదా అంటే, 'వెళ్ళమనే అన్నారమ్మా. ఆయన పైన ఒక్కరూ తింటుంటే నాకు సయిస్తుందా?' అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అల్లుడు అన్ని డాలర్లు పోసి కొన్న టిక్కెట్టులో ఆవిడ వంతు భోజనం ఒక నిక్కరు దగ్గర ఆగిపోయింది.

నిజానికి ఓడవాళ్ళు అడిగేది ఆఫీసు వేషం కాదు. కార్నివాల్ కంపెనీ వాళ్ళ నియమం చూడండి. క్యాజువల్ రాత్రుల్లో మగవాళ్ళకి మామూలు ప్యాంటు, జీన్సు, కాలరున్న చొక్కా. పొడుగ్గా, మర్యాదగా ఉన్న షార్ట్స్ కూడా సరేనన్నారు. వద్దన్నవి మాత్రం స్పష్టంగా చెప్పారు: చేతుల్లేని చొక్కాలు, ఆటలకి వేసుకునే నిక్కర్లు, అంచులు కత్తిరించిన జీన్సు, ఈత బట్టలు, బేస్‌బాల్ టోపీ, హవాయి చెప్పులు. రాయల్ కరీబియన్ వాళ్ళ మాటా ఇంచుమించు ఇదే. జీన్సో ప్యాంటో, కాలరు చొక్కా చాలు. ఈత బట్టలూ, చేతుల్లేనివీ, స్నానం కోటూ వేసుకుని డైనింగ్ రూముకి రాకూడదు. నార్వీజియన్ వాళ్ళయితే 2000లో 'ఫ్రీస్టైల్' పద్ధతి మొదలుపెట్టి, ఫలానా రాత్రి సూటు వేసుకుని తీరాలన్న నిర్బంధమే తీసేశారు. గట్టి పట్టింపంటే కునార్డ్ వాళ్ళది. 'క్వీన్ మేరీ 2' లాంటి ఓడల్లో సాయంత్రం ఆరు దాటితే మామూలు రాత్రుల్లోనూ ముఖ్యమైన భోజనశాలకి కోటుతో రావాలనుకుంటారు. ఒకే సముద్రం మీద ఇన్ని రకాలు! అందుకని టిక్కెట్టు కొన్న రోజే ఆ కంపెనీ నియమం పిల్లల్ని చదివి చెప్పమనండి. పెట్టె మూశాక కాదు.

'డబ్బు కట్టాం, మన సెలవు, మనిష్టం వచ్చింది వేసుకుంటాం' అనేవారికీ కొంత న్యాయం లేకపోలేదు. వెనకటి అట్లాంటిక్ ఓడల్లో మొదటి తరగతివాళ్ళు రోజూ రాత్రి భోజనానికి ప్రత్యేకంగా ముస్తాబయ్యేవారు. మొదటి రాత్రీ, చివరి రాత్రీ మాత్రం మినహాయింపు. పెట్టెలు విప్పి ఉండవు, లేదా కట్టేసి ఉంటాయి కనక. ఆ దర్జా అంతా మోయాలని ఇప్పుడు ఎవరూ అడగడంలేదు. కానీ మన బల్ల పక్కనే కూర్చున్నవాళ్ళు కూడా డబ్బు కట్టినవాళ్ళే కదండీ. వాళ్ళ సూపు పక్కన మన వెంట్రుకల మోకాళ్ళు, సన్‌స్క్రీన్ వాసనేస్తున్న బనియను ఎందుకు?

ఇంతకీ ఏం సర్దాలి? ఏడు రాత్రుల ప్రయాణంలో సాధారణంగా రెండు రాత్రులు కాస్త గొప్పగా తయారవ్వాల్సినవి, మిగతా ఐదూ క్యాజువల్. ఆ ఐదింటికీ రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు చాలు. ప్యాంట్లు ఒకటి ముదురు నీలమో బూడిద రంగో, ఇంకోటి ఖాకీ. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదకైనా కుదిరేలా ఎంచుకుంటే ఆ నాలుగే ఎనిమిదిలా కనిపిస్తాయి. మనవాళ్ళకి గళ్ళ ప్యాంటు మీద గీతల చొక్కా వేసే సరదా ఒకటుంటుంది, దాన్ని ఇంట్లోనే వదిలి రమ్మనండి. కాలరున్న టీషర్టు నిక్షేపంలా పనికొస్తుంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు, బీరు కంపెనీల పేర్లు లేకుండా ఉంటే చాలు. చొక్కా లోపలికి దోపుకోవాలా, వదిలెయ్యాలా అన్నది పొట్టని బట్టి ఎవరికి వారే తేల్చుకోవచ్చు. కింద అంచు తిన్నగా కత్తిరించిన బుష్‌షర్టు వదిలేస్తేనే బావుంటుంది.

చలి సంగతి మర్చిపోకండి. బయట కరీబియన్ ఎండ మాడుతున్నా లోపల ఏసీ గట్టిగానే ఉంటుంది. మూడు వడ్డనల భోజనం గంటన్నర పడుతుంది. పొట్టి చేతుల చొక్కాతో కూర్చున్న పెద్దాయన తీపి వచ్చేసరికి 'ఇక లేద్దామా' అంటారు. మనకి అప్పుడే కదా అసలు కబుర్లు మొదలయ్యేది! ఒక పల్చటి స్వెట్టరో, నిండు చేతుల చొక్కాయో ఉంటే ఆయనా కూర్చుంటారు.

కాళ్ళకి నల్ల బూట్లే ఉండాలని లేదు. వెనక పట్టీ ఉన్న తోలు శాండల్స్, లేదా మెత్తటి మామూలు బూట్లు. కొత్తవి కొని ఓడలోనే మొదటిసారి తొడగొద్దు. ఆ పెద్ద ఓడల్లో గది నుంచి భోజనశాలకి వెళ్ళడమే ఒక చిన్న వాహ్యాళి.

మరి పంచె? ఇది చాలామంది ఇళ్ళలో అసలు ప్రశ్న. జన్మలో ప్యాంటు తొడగని నాన్నగారికో, మామగారికో డెబ్భయ్యో ఏట ప్యాంటు కుట్టించడం నాకు సమ్మతం కాదు. పైన చెప్పిన 'వద్దు' జాబితాల్లో పంచె లేదు. అసలు కునార్డ్ వాళ్ళయితే గొప్ప గాలా రాత్రులకి కూడా ఎవరి దేశపు లాంఛన దుస్తులు వాళ్ళు వేసుకోవచ్చన్నారు. అంచున్న తెల్లటి పంచె పాదాల దాకా కట్టి, పైన లాల్చీ తొడిగి వచ్చిన మనిషి, నలిగిన జీన్సులో వచ్చినవాడికన్నా ఎన్నో రెట్లు హుందాగా ఉంటాడు. మోకాళ్ళ పైకి ఎగ్గట్టకూడదు, అంతే. గళ్ళ లుంగీ సంగతి వేరు. అది మనింటికి చుట్టాలొస్తేనే మార్చుకునే బట్ట, అక్కడికి ఎలా తీసుకెళ్తాం? ఓడ ఒకోసారి ఊగుతుంది, మెట్లు దిగాలి. అందుకని కట్టు జారకుండా నడుముకి బెల్టు బిగించుకోవడమో, ఇప్పుడు దొరికే అతుక్కునే పట్టీ పంచె కొనుక్కోవడమో మంచిది.

పంచెకైనా చొక్కాకైనా అసలు చిక్కు ఇస్త్రీ దగ్గరొస్తుంది. ఇస్త్రీ పెట్టె ఓడలోకి తీసుకెళ్ళనివ్వరు. మంటలంటుకుంటాయని భయం. చిన్నదైనా సరే, ఎక్కేటప్పుడే పట్టుకుంటారు. కార్నివాల్, ప్రిన్సెస్ లాంటి కొన్ని కంపెనీల ఓడల్లో ఉతుక్కునే గది, అందులో ఇస్త్రీ సదుపాయం ఉంటాయి. రాయల్ కరీబియన్‌లో అలాంటి గది ఉండదు, డబ్బిచ్చి వాళ్ళకే వెయ్యాలి. కనక గంజి పెట్టిన ఖద్దరూ, లినెనూ మానేసి పాలిస్టరు కలిసిన నూలు బట్టలు సర్దుకోవడం తెలివైన పని. నలిగితే వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు బాత్‌రూములో హ్యాంగరుకి తగిలించండి, ఆవిరికి ముడతలు చాలావరకు సాగుతాయి. లాల్చీలు మడతపెట్టకుండా చుట్టలా చుట్టి పెట్టెలో పెడితే మరీ నలగవు.

ఆ రెండు గొప్ప రాత్రుల గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. సూటుంటే సరి. లేకపోయినా చాలా ఓడల్లో నిండు చేతుల చొక్కా, ముదురు ప్యాంటు, బూట్లతో సరిపోతుంది. ఆ రాత్రి మీ పట్టుచీర వంక అందరూ చూస్తారు గానీ ఆయన వంక ఎవరూ చూడరు లెండి.

ఇవన్నీ చదివి మళ్ళీ మీరే ఆయన పెట్టె సర్దడానికి కూర్చుంటారని నాకు తెలుసు. కూర్చోకండి. ఈ కాగితం ఆయన చేతికిచ్చి, 'ఏమండీ, ఐదు రాత్రులు కింద హాల్లో భోంచేస్తున్నాం, మీవి మీరు తీసి మంచం మీద పెట్టండి' అని చెప్పండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళు తిరిగి క్యాంపులు చేసిన మనిషికి నాలుగు చొక్కాలు తీసుకోవడం చేతకాకపోదు. మీరు చూసుకోవాల్సినవి రెండే. మొదటి రోజు పెద్ద పెట్టెలు రేవులోనే కూలీలకి అప్పగిస్తాం, అవి గదికి చేరేసరికి ఒక్కోసారి సాయంత్రం అవుతుంది. ఆ రాత్రి ఆయన నిక్కరుతో దొరికిపోకుండా ఒక ప్యాంటూ చొక్కా చేతిసంచిలో పెట్టించండి. చివరి రాత్రి కూడా అంతే. పెట్టెలకి చీటీలు కట్టి పడుకునే ముందే గది బయట పెట్టమంటారు. మర్నాడు దిగేటప్పుడు వేసుకునే జత బయట ఉంచకుండా అన్నీ అందులో పెట్టేస్తే, రేవులో మనవళ్ళ ముందు తాతగారు లుంగీ బనియనుతో దిగాల్సి వస్తుంది.